మార్పు లేదు

అర్ధరాత్రి దాటాక ఫిషింగ్ హార్బర్‌లో
మేలుకుని ఉండేవి మూడే:
ఐసు ఫ్యాక్టరీ, కుక్కలు,
నేను రాసిన పదకొండు లైన్ల స్క్రిప్టు.

దాని పని ఒక్కటే.
‘పడవలు’ అనే డైరెక్టరీ గుమ్మంలో కూర్చుని
లోపలికి ఎవరొచ్చారో, ఎవరు చొక్కా మార్చారో,
ఎవరు చెప్పకుండా వెళ్ళిపోయారో
నాకు మెయిలు రాయడం.
ఒక్కో పడవకి ఒక్కో ఫైలు.
నీళ్ళమీద బోటు పావుగంటకోసారి
తానెక్కడుందో రెండంకెలు పంపుతుంది.
ఇక్కడ ఫైలు ఒక వరస పొడుగవుతుంది.
నా జేబులో ఫోను చిన్నగా గురక పెడుతుంది.

మొదటి వారం దానికి తెలివి లేదు. నాకూ లేదు.
అది దినచర్య రాసుకునే పుస్తకాన్ని
అది కాపలా కాసే గదిలోనే పెట్టాను.
రాసింది గనక మారింది,
మారింది గనక మళ్ళీ రాసింది.
తెల్లారేసరికి నాలుగువేల రెండొందల మెయిళ్ళు,
అన్నిట్లోనూ ఒకటే సంగతి:
నేను చూశానని నేను రాశాను.
మేనేజరు పరదేశి గారు టీ గ్లాసు కింద పెట్టి
‘మా పెద్ద బావగారూ ఇంతేనయ్యా’ అన్నారు.
పుస్తకాన్ని పక్కగదికి మార్చాను.

పోర్టు బొగ్గుధూళి కిటికీ సందుల్లోంచి వచ్చి
సర్వరు ఫ్యాను రెక్కల మీద కూర్చుంటుంది.
సాయంత్రం పాత లుంగీగుడ్డతో తుడుస్తాను,
పొద్దుటికి మళ్ళీ అంతే నలుపు.
ఆ మార్పుకి ఏ మెయిలూ రాదు.

గాలి అడ్డంగా తిరిగిన ఆ రాత్రి
బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి,
మైలపిల్లి ఎర్రయ్యది తప్ప.
ఫోను గురక ఆగింది.
హమ్మయ్య అనుకుని కుర్చీలోనే కన్ను మూశాను.

మూడుకి పావు తక్కువ.
తలుపు దగ్గర ఎర్రయ్య పెళ్ళాం బంగారమ్మ,
తడిసిన చెంగు, చేతిలో ఖాళీ టార్చిలైటు.
‘ఏటి బాబూ, మీ మిషను ఏటీ సెప్పనేదా?’
‘ఏమీ చెప్పలేదమ్మా’ అన్నాను,
శుభవార్త చెప్పినట్టు.

ఆమె మెట్టు దిగలేదు.
‘సెప్పనేదంటే
ఏటీ అవ్వనేదనా?
సెప్పీవోడికే నోరు పడిపోనాదనా?’

ఫైలు తెరిచాను.
చివరి వరస పదకొండూ పదికి.
ఆ తరువాత తెల్లటి జాగా, కర్సరు, అంతే.
స్క్రిప్టు గుమ్మంలో బుద్ధిగా కూర్చునే ఉంది.
ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు,
రాయడానికేముంది దానికి?
కిటికీలోంచి యారాడ కొండమీద దీపం
ఒక చుట్టు, మరో చుట్టు,
కొత్త సంగతేదీ లేకపోయినా
ఉన్నాను ఉన్నాను అంటూ.

కోస్ట్ గార్డుకి ఫోను చేశాం. వాళ్ళూ ఎత్తారు, రాసుకున్నారు.
బంగారమ్మ ప్రింటరు పక్కన నేలమీద కూర్చుంది.
టీ తాగలేదు.

ఎనిమిదింటికి ఎర్రయ్య బోటు
రెండు బుట్టల కానాగంతలతో నింపాదిగా వచ్చింది.
పెట్టెమీద పచ్చలైటు మిణుకుతుంటే
నిద్దర పట్టడం నేదని
తడిగోనె నాలుగు మడతలేసి కప్పీసి తొంగున్నాడట.
బంగారమ్మ అన్న మాటలు
ఏ ఫైల్లోనూ పెట్టదగినవి కావు.

ఆ మధ్యాహ్నం నాలుగు లైన్లు కలిపాను:
ముప్పావుగంట ఏ మార్పూ లేకపోతే
అప్పుడూ రాయి.
ఆమె బటన్ల ఫోను నంబరు కూడా చేర్చాను.
‘సదువు నేదు నాకు, మోగితే సాలు’ అంది.
మెట్లు దిగబోతూ ఆగి,
‘మరి నీ మిషనుకే నిద్దరొస్తే?’

దానికి లైన్లు ఇంకా రాయలేదు.
రెండూ మూడూ మధ్య లేచి,
కిటికీ అద్దం మోచేత్తో తుడిచి,
కొండమీది దీపం ఎన్ని చుట్లు తిరిగిందో
లెక్కపెడుతున్నాను.